ఏ దేశం వెళ్లాలి? 1933లో ఇల్లు విడిచినవాళ్లు వేసుకున్న లెక్కలు

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, గ్రంథాలయ మిత్రులకు, ఇంత ఎండలోనూ ఓపిక చేసుకుని వచ్చిన పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

ఈ ప్రసంగానికి మూలం మా వీధిలోనే ఉంది. మా పక్కింటి అబ్బాయి, ఇంజనీరింగ్ పూర్తి చేసి నాలుగేళ్లు ఉద్యోగం చేసినవాడు, ఈ మధ్య ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో ఒక ఎక్సెల్ షీటు. పైన ఏడు దేశాల పేర్లు, పక్కన జీతం, పన్ను, చలి, ఇంటి అద్దె. ఇవి ఎవరైనా రాసుకునేవే. వాటి కింద మాత్రం నేను ఊహించని వరుసలు ఉన్నాయి. అక్కడ పత్రికలకు ఎంత స్వేచ్ఛ ఉంది, వలస వచ్చినవాళ్ల గురించి పార్టీలు ఎన్నికల్లో ఏం మాట్లాడుతున్నాయి, కులం ఏమిటని ఆరా తీయని ఇరుగుపొరుగు దొరుకుతుందా, పిల్లలకు తెలుగు నిలుస్తుందా అని. ప్రతి గడిలోనూ పదికి ఇన్నని మార్కులు వేశాడు. "మాస్టారూ, మీరు చరిత్ర చెప్పినవారు కదా, ఈ మార్కులు సరిగా పడ్డాయో లేదో చూడండి" అన్నాడు.

ఆ మార్కులు దిద్దే అర్హత నాకు లేదు. అయితే ఇలాంటి పట్టికను వేలమంది ఒకేసారి, కాగితం మీద కాకపోయినా మనసులో, వేసుకున్న కాలం ఒకటి నాకు కొంత తెలుసు. అది 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మనీ విడిచిన రచయితలు, ఆచార్యులు, సంగీతకారుల కాలం. తరిమితే వెళ్లేవాడికీ, ఎంచుకుని వెళ్లేవాడికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ తేడాను చెరిపేసి మాట్లాడను. కానీ ఏ దేశం రాజకీయంగా భద్రం, ఏ దేశం సంస్కృతిలో తమకు దగ్గర అనే రెండు ప్రశ్నలను వాళ్లంత తీవ్రంగా అడిగినవాళ్లు తక్కువ. పైగా వాళ్ల లెక్కల్లో ఏది నిలిచిందో, ఏది తప్పిందో మనకు తెలిసిపోయింది.

1933 ఏప్రిల్ 7న వచ్చిన చట్టం యూదులనూ, ప్రభుత్వానికి గిట్టని రాజకీయాలున్నవాళ్లనూ ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించింది. అక్కడి విశ్వవిద్యాలయాలు ప్రభుత్వానివే కాబట్టి ఆచార్యులందరూ దాని కిందికి వచ్చారు. వెళ్లక తప్పదనుకున్నవాళ్లలో చాలామంది మొదట వేసిన లెక్క ఒకటే: దగ్గరి దేశం, వీలైతే జర్మన్ భాష నడిచే చోటు. ఈ గొడవ ఏడాదో రెండేళ్లో ఉంటుంది, సర్దుమణగగానే తిరిగి రావచ్చు అన్నది వాళ్ల నమ్మకం. అందుకే వియన్నా, ప్రాగ్, జూరిక్, ఆమ్‌స్టర్‌డామ్, పారిస్. ఆమ్‌స్టర్‌డామ్‌లో కెరిడో అనే ప్రచురణ సంస్థ ప్రవాస రచయితల జర్మన్ పుస్తకాలను వేసింది. చెకొస్లొవాకియాలో ప్రొసెచ్ అనే చిన్న ఊరు హైన్రిక్ మన్, థామస్ మన్ సోదరులను తన ఊరివాళ్లుగా నమోదు చేసుకుంటే, దాని ఆధారంగానే వాళ్లకు ఆ దేశ పౌరసత్వం దక్కింది. నోబెల్ బహుమతి పొందిన రచయితకు ఊరు లేకపోతే, ఒక పల్లెటూరు "మా ఊరివాడే" అని రాసి ఇచ్చిందన్నమాట.

మా పక్కింటి అబ్బాయి షీటులో వేస్తే ఈ దేశాలన్నిటికీ పదికి తొమ్మిది వచ్చేవి. ప్రజాస్వామ్యం ఉంది, పుస్తకాల షాపులున్నాయి, కాఫీ హోటళ్లున్నాయి, మాట తెలుసు. 1938 మార్చిలో ఆస్ట్రియా పోయింది. 1939 మార్చిలో ప్రాగ్ పోయింది. 1940 మేలో హాలండ్, జూన్‌లో పారిస్. ఫ్రాన్స్ అయితే 1939లో యుద్ధం మొదలవగానే హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లనే శత్రుదేశీయులని శిబిరాల్లో పెట్టింది.

ఇక భౌతిక శాస్త్రవేత్త మాక్స్ బోర్న్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఆయన కథలో కొంత భాగం మనకు పక్కనే ఉన్న బెంగళూరులో జరిగింది. గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉంటూ క్వాంటమ్ సిద్ధాంతానికి గణిత రూపం ఇచ్చినవాళ్లలో ఆయన ముఖ్యులు. తనను విధుల నుంచి తప్పించిన సంగతి ఆ ఏప్రిల్‌లో పత్రికలో జాబితా చదివి తెలుసుకున్నారు. యాభై ఏళ్ల వయసు. కుటుంబంతో ఇటలీలోని ఒక కొండ ఊరికి వెళ్లి, అక్కడి నుంచి కేంబ్రిడ్జ్ చేరారు. కేంబ్రిడ్జ్ ఇచ్చింది తాత్కాలికమైన కొలువు. గడువు దగ్గర పడుతున్నప్పుడు సి.వి. రామన్ నుంచి పిలుపు వచ్చింది. రామన్ 1933 నుంచి భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరు, ఆ కుర్చీలో కూర్చున్న తొలి భారతీయుడు. జర్మనీ వెళ్లగొడుతున్న మేధావులను బెంగళూరుకు తేవాలన్నది ఆయన ఆశ. 1935–36 చలికాలం బోర్న్ దంపతులు బెంగళూరులో గడిపారు. ఊరు నచ్చింది, పని నచ్చింది, ఉండిపోదామనే అనుకున్నారు.

శాశ్వత పదవి ప్రస్తావన అధ్యాపకుల సభకు వచ్చింది. బోర్న్ ఆ సభలోనే ఉన్నారు. రామన్ ఆయన్ను ఆకాశానికెత్తి మాట్లాడిన తరవాత ఒక ఆంగ్లేయ ఆచార్యుడు లేచి, సొంత దేశం వెళ్లగొట్టిన రెండో తరగతి విదేశీయుడు మనకెందుకన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఇంటికి వచ్చి భార్య ముందు ఏడ్చేశానని బోర్న్ తరవాత రాసుకున్నారు. నేను ఈ సంఘటనను చాలాసార్లు తలచుకున్నాను. ఆయన లెక్కలో భారతదేశానికి మంచి మార్కులే పడ్డాయి, వాతావరణం దగ్గర నుంచి రామన్ స్నేహం దాకా. కానీ ఆయన దరఖాస్తు పెట్టుకున్నది భారతదేశానికి కాదు, బ్రిటిష్ పాలనలో రామన్‌కూ ఆయన ప్రత్యర్థులకూ మధ్య జగడాలు నడుస్తున్న ఒక సంస్థకు. ఆ జగడాలు రామన్‌నూ వదల్లేదు. 1937లో ఆయనే డైరెక్టరు పదవి వదులుకోవలసి వచ్చింది. వలస వెళ్లేవాడు దేశానికి వెళుతున్నానని అనుకుంటాడు గానీ దిగేది ఒక ఆఫీసులో, ఒక వీధిలో, నలుగురు మనుషుల మధ్య.

కేంబ్రిడ్జ్ తిరిగి వెళ్లాక బోర్న్‌కు మాస్కో నుంచి కపిత్సా అనే భౌతిక శాస్త్రవేత్త పిలుపు అందింది. ఆ కుటుంబం రష్యన్ పాఠాలు కూడా మొదలుపెట్టింది. అంతలో ఎడిన్‌బరాలో ఒక ఆచార్య పీఠం ఖాళీ అయి, 1936 అక్టోబరులో బోర్న్ అక్కడ చేరారు. ఆ ఖాళీ ఏర్పడకపోతే ఏమయ్యేదో ఊహించడానికి మరొకరి జీవితం ఉంది. గొట్టింగెన్‌లోనే చదువుకున్న ఫ్రిట్జ్ హౌటర్‌మన్స్ కమ్యూనిస్టు. నాజీల నుంచి ఇంగ్లండు వెళ్లి, అక్కడ ఉద్యోగం ఉన్నా, నమ్మిన రాజకీయం కోసం 1935లో సోవియట్ యూనియన్‌లోని ఖార్కొవ్ వెళ్లారు. 1937లో అరెస్టయ్యారు. 1940లో సోవియట్ పోలీసులు ఆయన్ను జర్మన్ రహస్య పోలీసులైన గెస్టపోకు అప్పగించారు. రాజకీయం చూసుకుని దేశాన్ని ఎంచుకోవడమంటే ఏమిటో నాకు ఇంతకంటే గట్టిగా చెప్పిన జీవితం మరొకటి కనబడలేదు.

ఎడిన్‌బరాలో ఇంకొక చిన్న సంగతి ఉంది. బోర్న్ 1939 ఆగస్టు 31న బ్రిటిష్ పౌరుడయ్యారు. సెప్టెంబరు 1న యుద్ధం మొదలైంది. ఆయన విభాగంలోనే పనిచేస్తున్న క్లౌస్ ఫుక్స్ కూడా జర్మన్ ప్రవాసియే, ఆయనా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకున్నారు, కానీ యుద్ధంలోపు అది తేలలేదు. 1940లో ఫుక్స్‌ను నిర్బంధించి ఐల్ ఆఫ్ మాన్‌కూ, అక్కడి నుంచి ఓడలో కెనడాకూ పంపించారు. ఒకే భవనంలో పనిచేసేవాళ్లు, ఒకే దేశం నుంచి వచ్చినవాళ్లు, ఇద్దరూ హిట్లర్‌కు శత్రువులు. తేడా ఒక కాగితం. (ఫుక్స్ ఆ తరవాత అణు రహస్యాలను సోవియట్లకు అందించారన్నది వేరే కథ, ఇక్కడ దాని జోలికి పోను.)

సంస్కృతి మాటకు వస్తే చెప్పుకోవలసిన దేశం టర్కీ. ఆ దేశాధ్యక్షుడు అటాటర్క్ 1933 జూలై 31న దారుల్‌ఫునూన్ అనే పాత విశ్వవిద్యాలయాన్ని మూసేసి, మర్నాడే ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయాన్ని తెరిచారు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెళ్లగొట్టిన వైద్యాచార్యుడు ఫిలిప్ ష్వార్ట్జ్ జూరిక్‌లో ప్రవాస పండితుల సహాయ సంఘం పెట్టి, సరిగ్గా ఆ జూలైలోనే అంకారా వెళ్లి విద్యామంత్రితో కూర్చుని, ఏ శాఖకు ఎవరిని తీసుకోవాలో పేర్ల జాబితా రాయించారు. జర్మనీ వద్దన్నవాళ్లు టర్కీకి ఒక్క రోజులో దొరికారు. ఒప్పందంలో ఒక షరతు ఉంది: మొదట దుబాసీ సాయంతో పాఠాలు చెప్పవచ్చు, కానీ మూడేళ్లలో టర్కిష్ నేర్చుకుని ఆ భాషలోనే చెప్పాలి.

ఈ షరతును ఎవరు ఎలా తీసుకున్నారన్నదే అసలు సంగతి. ఎర్న్‌స్ట్ హిర్ష్ న్యాయశాస్త్రవేత్త. టర్కిష్ పట్టుదలగా నేర్చుకుని, ఆ భాషలోనే పాఠాలు చెప్పి, పుస్తకాలు రాసి, 1943లో టర్కిష్ పౌరుడై, ఆ దేశ వాణిజ్య చట్టం ముసాయిదా తయారు చేసే స్థాయికి వెళ్లారు. ఎరిక్ ఆవర్‌బాఖ్ సాహిత్య పండితుడు, 1936లో వచ్చి పదకొండేళ్లు ఉన్నారు. ఆయన ఉత్తరాల్లో కనిపించేది వేరు. కొత్త లిపి వచ్చి పాత గ్రంథాలు కొత్త తరానికి అందకుండా పోవడం, యూరప్ మీద ద్వేషం, యూరప్ మీదే మోజు, సొంత గతాన్ని చెరిపేస్తూ పెంచుకుంటున్న జాతీయత ఆయన్ను కలవరపెట్టాయి. అయినా తన అతి గొప్ప పుస్తకాన్ని ఇస్తాంబుల్‌లోనే రాశారు. కావలసిన గ్రంథాలు ఉన్న లైబ్రరీ అక్కడ లేకపోవడం వల్లే ఆ పుస్తకం పూర్తయిందేమో, అన్నీ చదవగలిగి ఉంటే రాసే దశకే వచ్చేవాణ్ణి కానేమో అని చివర్లో ఒప్పుకున్నారు కూడా. గ్రంథాలయ సభలో ఈ మాట చెప్పడం ధర్మమో కాదో అధ్యక్షులవారే సెలవియ్యాలి.

జర్మన్ పౌరసత్వం కోల్పోయిన ఈ ప్రవాసుల కాగితాల మీద టర్కీ అధికారులు ఒక మాట రాసేవారు: హైమత్‌లోజ్. అది జర్మన్‌లో ఇల్లూ దేశమూ లేనివాడు అనే అర్థం ఉన్న మాట. టర్కిష్ ఉచ్చారణతో, టర్కిష్ అక్షరాలతో రాసుకుని దాన్ని తమ మాటగా చేసుకున్నారు. వలస వచ్చినవాళ్లు ఒక దేశానికి ఏం తెస్తారని అడిగితే విజ్ఞానమనీ, శ్రమ అనీ చెబుతాం. వీళ్లు అవి తెచ్చారు, తమ గతికి పేరునూ వెంట తెచ్చారు.

స్టెఫాన్ జ్వైగ్ దేశాన్ని సంస్కృతి కోసం ఎంచుకున్నవాళ్లలో ప్రసిద్ధులు. ఆస్ట్రియన్ రచయిత. 1934 ఫిబ్రవరిలో సాల్జ్‌బర్గ్‌లోని ఆయన ఇంట్లో పోలీసులు ఆయుధాల కోసం సోదా చేశారు. యుద్ధం వద్దని రాసే మనిషి ఇంట్లో ఆయుధాలు! ఆ అవమానం భరించలేక లండన్ వెళ్లిపోయారు, 1940లో బ్రిటిష్ పౌరుడయ్యారు. చేతిలో మంచి పాస్‌పోర్టు ఉంది, డబ్బుంది, న్యూయార్క్‌లో ఉండగలరు. అయినా 1941లో బ్రెజిల్ వెళ్లి, రియోకు దగ్గర్లోని పెట్రోపొలిస్ అనే కొండ ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. 1936లో మొదటిసారి వెళ్లినప్పుడు ఆ దేశపు వీధుల్లో అన్ని రంగులవాళ్లూ కలిసి తిరగడం ఆయన్ను మైమరపించింది. యూరప్ జాతి పిచ్చితో తగలబడుతుంటే, రేపటి లోకం ఇలా ఉండాలనిపించింది. ఆ దేశం మీద ఒక పుస్తకమే రాశారు.

అప్పుడు బ్రెజిల్‌ను ఏలుతున్నది వర్గాస్ నియంతృత్వం. 1937లోనే పార్లమెంటు రద్దయింది. అదే సంవత్సరం యూదులకు వీసాలు ఇవ్వవద్దని దౌత్య కార్యాలయాలకు రహస్య ఉత్తర్వు వెళ్లింది. జ్వైగ్‌కు వీసా వచ్చింది ఆయన జ్వైగ్ కాబట్టి. పుస్తకం వచ్చినప్పుడు బ్రెజిల్ మేధావులు కొందరు, మా జైళ్లు ఈయనకు కనబడలేదా అని చిరాకు పడ్డారు. చిరాకు న్యాయమైనదే అని నా అభిప్రాయం, కానీ జ్వైగ్‌ను అబద్ధాలకోరు అనలేను. ఆయన చూసింది వీధి, వాళ్లు చూస్తున్నది ప్రభుత్వం; ఒకే దేశంలో రెండూ ఉంటాయి. 1942 ఫిబ్రవరిలో ఆయన, భార్య లొట్టె ఆ ఇంట్లోనే ప్రాణాలు తీసుకున్నారు. చివరి లేఖలో బ్రెజిల్‌కు కృతజ్ఞత చెప్పారు, జీవితాన్ని మళ్లీ కట్టుకోవాలంటే ఇంతకంటే ఇష్టమైన చోటు లేదన్నారు, అయితే తన భాషా లోకం మునిగిపోయిందనీ, అరవై దాటాక మొదటి నుంచి మొదలుపెట్టే శక్తి తనకు మిగల్లేదనీ రాశారు. ఎంచుకున్న దేశం మీద ఒక్క ఫిర్యాదు కూడా ఆ లేఖలో లేదు.

జ్వైగ్ పక్కన బ్రెహ్ట్‌ను పెట్టి చూస్తే కొంత నవ్వూ వస్తుంది. నాటక రచయిత, మార్క్సిస్టు. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లండ్ దాటుకుంటూ వెళ్లి, 1941లో మాస్కో చేరి, అక్కడి నుంచి రైల్లో సోవియట్ దేశం ఆ చివర వ్లాడివొస్తోక్ దాకా ప్రయాణించి, ఓడెక్కి కాలిఫోర్నియాలో దిగారు. తాను సమర్థించే సమాజం గుండా ఇన్ని వేల కిలోమీటర్లు వెళ్లి, ఎక్కడా ఆగలేదు. ఆయన నాటకాల్లో నటించిన కరోలా నేహర్ 1936లోనే అక్కడ అరెస్టయ్యారు, తరవాత సోవియట్ నిర్బంధంలోనే చనిపోయారు. బ్రెహ్ట్ నమ్మకం వదులుకోలేదు, టికెట్ మాత్రం వేరే దేశానికి కొన్నారు. అమెరికాలో 1947 అక్టోబరు 30న కమ్యూనిస్టుల వేటలో ఉన్న కాంగ్రెస్ కమిటీ ముందు హాజరై, మర్నాడే విమానం ఎక్కారు. చివరకు తూర్పు బెర్లిన్‌లో నాటకశాల, 1950లో సంపాదించిన ఆస్ట్రియా పౌరసత్వం, పశ్చిమ జర్మనీలో ప్రచురణకర్త. ఈ అమరికను అవకాశవాదమని చాలామంది వెక్కిరించారు. నాకు మాత్రం, ఒక దేశం మనిషికి అన్నీ ఇవ్వదని తెలుసుకుని, పని ఒక చోట, కాగితం ఒక చోట, పాఠకుణ్ణి ఒక చోట పెట్టుకున్న అనుభవజ్ఞుడి లెక్కగా తోస్తుంది.

ఇంతవరకూ పేరున్నవాళ్ల సంగతే చెప్పాను. మిగతావాళ్లకు ఎంపిక అన్న మాటే హాస్యం. 1938 జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాల ప్రతినిధులు ఈ శరణార్థుల విషయం చర్చించారు. ఒకరి తరవాత ఒకరు సానుభూతి చెప్పి తలుపులు మూసుకున్నారు. ఆస్ట్రేలియా ప్రతినిధి, మా దేశంలో జాతి సమస్య లేదు, దాన్ని దిగుమతి చేసుకునే కోరికా మాకు లేదు అన్నారు. అప్పుడు వేలమంది షాంఘై వెళ్లారు. సంస్కృతి చూసి కాదు, అక్కడ దిగడానికి వీసా అడిగేవాడు లేడని. ప్రాగ్, బెర్లిన్‌లలో చదివిన వాల్టర్ కౌఫ్‌మన్ అనే సంగీతకారుడు 1934లో బొంబాయి రావడానికీ కారణం అదే. ఇండియాకు వీసా సులువుగా దొరికింది, అంతే. కొన్నాళ్లుండి పోదామని వచ్చి పన్నెండేళ్లు ఉన్నారు. మా చిన్నప్పుడు తెల్లవారుజామున విజయవాడ కేంద్రం తెరుచుకునే ముందు తంబూరా మీద వయొలిన్‌తో వినిపించే ఆకాశవాణి బాణీ కూర్చినది ఆయనే అంటారు.

మా పక్కింటి అబ్బాయికి నేనేం చెప్పానని మీరు అడుగుతారు. ఎన్నికల వరుసలో వేసిన మార్కులను పెన్సిల్‌తో వేసుకోమన్నాను. జర్మనీనే చూడండి: 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన చట్టం ఐదేళ్లకే పౌరసత్వం అంది, బాగా కలిసిపోయినవాళ్లకు మూడేళ్లకే అంది, ఏడాదిన్నర తిరగకముందే ప్రభుత్వం మారి ఆ మూడేళ్ల దారిని మూసేసింది. అతను షీటు తయారు చేసుకునేటప్పటికి అది తెరిచే ఉంది. తరవాత రెండు వరుసలు కలపమన్నాను. ఒకటి, ఆ దేశానికీ మన దేశానికీ చెడితే నా చేతిలో ఏ కాగితం ఉంటుంది, అది రావడానికి ఎన్నేళ్లు పడుతుంది. మన పౌరసత్వ చట్టం ప్రకారం పరదేశ పౌరసత్వం తీసుకున్న రోజున ఇక్కడిది పోతుంది కాబట్టి, అది ఒక రోజు తేల్చుకోవలసిన లెక్కే. రెండోది, నేను చేసే పనిని అక్కడ ఎవరు చూస్తారు, ఎవరు వింటారు, ఏ భాషలో. అతను రెండో వరుస దగ్గర చాలాసేపు ఆగి, ఏడు గడుల్లో ఒక్కదాన్నీ నింపకుండా ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్లాడు.

బోర్న్ కథ చివర చెప్పకుండా వదిలేశాను. పదిహేడేళ్లు ఎడిన్‌బరాలో పనిచేసి రిటైరయ్యాక, బ్రిటిష్ పింఛను చాలక, జర్మనీ ఆయన పాత పింఛనును పునరుద్ధరించగా, 1954లో ఆయన ఆ దేశానికే తిరిగి వెళ్లి బాద్ పిర్మాంట్ అనే చిన్న ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. నోబెల్ బహుమతి వచ్చింది ఆ ఏడాదే. మన బంధువులను సామూహికంగా చంపినవాళ్ల దేశానికి వెళతావా అని ప్రిన్స్‌టన్ నుంచి ఐన్‌స్టైన్ కోపంగా రాశారు. యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ అయిన క్వేకర్ల జర్మన్ కేంద్రం ఈ ఊళ్లోనే ఉందనీ, వాళ్లు హంతకులు కారనీ, నాజీల చేతిలో మనకంటే ఎక్కువ బాధపడినవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారనీ బోర్న్ జవాబిచ్చారు. 1970లో పోయాక ఆయన్ను గొట్టింగెన్ శ్మశానంలోనే పూడ్చారు. రాతి మీద ఆయన పేరుతో పాటు, ఆ ఊళ్లో ఉండగా ఆయన రాసిన ఒక సమీకరణం చెక్కి ఉంది. నమస్కారం.